పన్ను అక్కడ తీస్తే, దెబ్బ ఇక్కడ తగిలింది

ట్రంప్‌కీ, మహేశ్వరం పత్తి చేనుకీ ఏం సంబంధం అనుకుంటున్నారా? ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ చుట్టూ వెంచర్ల బోర్డులే కనిపిస్తాయి గానీ, వాటి వెనక వానను నమ్ముకున్న చేలు ఇంకా ఉన్నాయి. వాటిలో పత్తీ పండుతోంది. తెలంగాణ మొత్తమ్మీద 40 లక్షల ఎకరాలకు పైగా పత్తే.

కథ ఏంటంటే, రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 2025 ఆగస్టు 27 నుంచి 50 శాతం చేసింది. మన రెడీమేడ్ బట్టలు ఎక్కువగా కొనేది అమెరికానే. తిరుప్పూర్ లాంటి చోట్ల గుండెల్లో రాయి పడింది. ముడిసరుకైనా చౌకగా రానివ్వమని పరిశ్రమ ముందు నుంచీ అడుగుతోంది. కేంద్రం ఆగస్టు 19 నుంచే దిగుమతి పత్తి మీద 11 శాతం సుంకం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అంది. పది రోజులు తిరక్కముందే డిసెంబరు 31 దాకా పొడిగించింది.

మిల్లుల బాధ అబద్ధమని నేననను. దారం, బట్ట పని మీద బతికే కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. నా గొడవంతా టైమింగ్ గురించే. జూన్‌లో విత్తనం పెట్టినప్పుడు సుంకం ఉంది. ఎరువు, మందు, కలుపు కూలి ఖర్చంతా ఆ లెక్కతోనే పెట్టారు. పంట చేను మీద ఉండగా రూల్ మారింది. 2022లోనూ సుంకం ఎత్తేశారు. కానీ అది అక్టోబరు ఆఖరుతో ముగిసింది. 2025లో మాత్రం పత్తి ఇంటికొచ్చే నెలల్లో డిసెంబరు ఆఖరు దాకా బయటి సరుకుకు గేట్లు తెరిచే ఉంచారు.

'మద్దతు ధర ఉందిగా' అంటారు. ఉంది, 2025-26 సీజన్‌లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. ఆ ధర ఇచ్చేది సీసీఐ. అక్కడికి వెళ్లాలంటే 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదు కావాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ 12 శాతం దాటితే కొనరు. అక్టోబరు వానలకు తడిసిన పత్తిలో తేమ దాటకుండా ఉంటుందా? పైగా 2025-26 సీజన్‌లో ఎకరాకు 7 క్వింటాళ్లే అని పరిమితి పెట్టడంతో గొడవైంది.

ఓ లెక్క చూడండి. మూడెకరాల్లో ఎకరాకు పది చొప్పున 30 క్వింటాళ్లు పండాయనుకోండి. సీసీఐ 21 కొంటే, మిగిలిన 9 దళారికే. అతను క్వింటాలుకు వెయ్యి తగ్గిస్తే 9 వేలు పోయినట్టే. పిల్లల ఫీజు కావచ్చు, కౌలు డబ్బు కావచ్చు.

మిల్లును ఆదుకోవాల్సిందే. అయితే ఆ ఖర్చు ఖజానా భరించాలి గానీ చేను కాదు. దిగుమతి సుంకం మార్చాలనుకుంటే విత్తనం వేయకముందే చెప్పాలి. మధ్యలో మార్చక తప్పకపోతే, ఆ ఏడాది పండిందంతా మద్దతు ధరకు కొనాలి.

మీ ఇంట్లో పత్తి ఉంటే, ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా. స్లాట్ మీరే బుక్ చేయండి, నాన్నను దళారి దగ్గరికి పంపకండి. మిల్లు కోసం పది రోజుల్లో రెండు ఉత్తర్వులు ఇచ్చారు. అంత తొందర రైతు విషయంలో ఎందుకు లేదో అడగడానికి మాత్రం ఏ యాప్‌లోనూ స్లాట్ అక్కర్లేదు.