రోజుకో అధ్యాయం

హాస్టల్ మిత్రులారా! క్యాలెండర్ మీది వాగ్దాన వాక్యం చూసుకుంటే బైబిలు చదివినట్టు కాదని మా అభిప్రాయం. పాఠాల్లో ‘సమాధానం’ అంటే జవాబు. బైబిల్లో చాలాచోట్ల ‘సమాధానము’ అంటే శాంతి. రోజూ చదివితేనే ఇది పట్టుబడుతుంది.

66 పుస్తకాలు, 1,189 అధ్యాయాలని జంకొద్దు. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. పరాయి దేశపు వితంతువు రూతు, యవల చేలో పరిగె ఏరి అత్తను సాకింది. పరిగెను పేదలకు, పరదేశులకు వదలాలని లేవీయకాండం 19లో ఉంది. గోదావరిఖనిలో చదువురాని మా అమ్మలకు ఇది చదివి వినిపిస్తే, పరిగె ఏరే కష్టమేమిటో వాళ్లే మాకు విప్పి చెప్పారు. (మొదటి షిఫ్టు దిగొచ్చిన నాన్నలూ కూర్చున్నారు!) వాళ్లకు విశ్వాసముంది, చదివి పెట్టేవాళ్లే లేరు.

సెలవుల్లో టీవీ బంద్ చేసి ఇంట్లో ఒక అధ్యాయం పైకి చదవండి. అర్థంకానిచోట అడగండి. ప్రశ్నిస్తే విశ్వాసం పోతుందన్న మాట మేం ఒప్పుకోం.