గాలిమోటరు దిగిన బిడ్డ



గురుకులాల మెస్ బిల్లుల మీద రాస్తున్న భాగం వచ్చే వారానికి వాయిదా. ఈ వారం మా కాలేజీ గేటు పక్కన కట్టిన ఒక ఫ్లెక్సీ గురించి రాయాలి.

అందులో ఎయిర్‌హోస్టెస్ యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి ఉంటుంది. మెడకు స్కార్ఫ్, వెనక విమానం బొమ్మ. కింద పెద్దక్షరాల్లో "వాడ నుంచి విమానానికి" అని ఉంటుంది. ఆ మాట రాసిచ్చింది నేనే. స్టాఫ్‌లో తెలుగు డాక్టరేట్ ఉన్నవాడొకడు ఉంటే ఫ్లెక్సీల మాటలు వాడే రాయాలన్నది మా దగ్గర నడిచే పద్ధతి. రాసినప్పుడు గర్వంగానే ఉండింది.

పోయిన నెల ఆ అమ్మాయి కాలేజీకి వచ్చింది. చుడీదార్, నూనె రాసిన జడ. నేను వెంటనే గుర్తుపట్టలేదు. బోనఫైడ్ సర్టిఫికెట్ కావాలంది, బీఎడ్‌కు అప్లై చేస్తోందట. ఉద్యోగం మానేసి నాలుగు నెలలైంది. టీ తాగి, వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "సార్, ఆ ఫ్లెక్సీ తీయించుండ్రి. అది జూసి ఇంకెవ్వలన్న పోతరు" అంది.

ఆమె పేరు, ఊరు, పనిచేసిన కంపెనీ ఏదీ రాయను. మిగతాది రాయమని ఆమే చెప్పింది.

ముందు వాళ్ళ అమ్మ సంగతి చెప్పాలి. ఆమె మున్సిపాలిటీలో కాంట్రాక్టు పారిశుధ్య కార్మికురాలు. బిడ్డకు ఉద్యోగం వచ్చిన రోజు పావుకిలో మిఠాయి పట్టుకుని డిపార్ట్‌మెంటుకు వచ్చింది. జీతం ఎంతో చెప్పలేదు, ఏ దేశాలు తిరుగుతుందో చెప్పలేదు. "మా పిల్ల చేతి నీళ్ళు గాలిమోటర్ల అందరు తాగుతరంట సారూ" అంది. తన చిన్నప్పుడు పటేల్ ఇంటి ముందు దోసిలి పట్టి, పైనుంచి పోస్తే తాగిన మనిషి ఆమె. 1927 మహద్ చెరువు పోరాటాన్ని నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పాను. అది ఎందుకు జరిగిందో ఆ రోజు ఆ మిఠాయి డబ్బా ముందు మళ్ళీ అర్థమైంది. అందుకే ఫ్లెక్సీకి ఆ మాట రాసిచ్చాను.

ఇక పైన జరిగింది. ఆమె చేసింది చౌక టికెట్ల విమానాల్లో. విమానం దిగిన తర్వాత మళ్ళీ ఎగరడానికి మధ్య అరగంట, మహా అయితే ముప్పావుగంట ఉంటుంది. ఆ కాస్త టైములో సీట్ల మధ్య చెత్త ఏరడం, సీటు జేబుల్లో కుక్కిన తిండి పొట్లాలు, పిల్లల డైపర్లు తీయడం, బెల్టులు సర్ది పెట్టడం సిబ్బంది పనే. గాల్లో ఉన్నప్పుడు టాయిలెట్ చూసుకోవాల్సిందీ వాళ్ళే. "మా అమ్మ చేసే పనే సార్. నేను లిప్‌స్టిక్ ఏసుకొని చేసిన" అంది. ఆ మాటలో సిగ్గు లేదు. వాళ్ళ అమ్మ పనంటే ఆమెకు చిన్నతనం ఎప్పుడూ లేదు. కోపం ఇంకొకరి మీద. లక్షా అరవై వేలు కట్టించుకున్న అకాడమీ పదకొండు నెలల్లో ఒక్కసారి కూడా ఈ సంగతి చెప్పలేదు. షాంపేన్ గ్లాసు ఎట్లా పట్టుకోవాలో నేర్పింది. ఆమె ఎక్కిన విమానాల్లో షాంపేన్ లేదు.

చదువుకునే పిల్లలు ఈ ముక్క గుర్తుంచుకోండి. క్యాబిన్ క్రూ ఉద్యోగానికి ఆ డిప్లొమా తప్పనిసరి కాదు. మామూలుగా అడిగేది ఇంటర్ పాస్, ఎత్తు, ఇంగ్లీషు, హిందీ. ఎంపికైనవాళ్ళకు భద్రతా శిక్షణ ఎయిర్‌లైన్సే ఇస్తుంది. మంటలు ఆర్పడం, తలుపు తీసి తొంభై సెకన్లలో మనుషుల్ని దించడం, గుండె ఆగినవాళ్ళకు సీపీఆర్ చేయడం అసలు ఉద్యోగం. ట్రే అందించడం దాని తర్వాతే. ఆమె చదివిన డిప్లొమాకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదు. వాళ్ళమ్మ సంఘంలో అప్పు తీసింది.

ఇంకొకటి పచ్చబొట్టు. చిన్నప్పుడు జాతరలో ముంజేతి మీద పొడిపించుకున్న అమ్మమ్మ పేరు. కనిపించే చోట టాటూ ఉంటే తీసుకోరు. మూడు సార్లు లేజర్ చేయించినా ఆకుపచ్చ నీడ మిగిలింది. ఉద్యోగం చేసిన రెండేళ్ళూ పొద్దున ముఖానికి వేసుకునే ఫౌండేషన్ చేతికి కూడా వేసుకుంది. తన రంగు షేడ్ కాదట, ఒక మెట్టు తెల్లది.

అందానికి కొలతలు పెట్టడం మన దగ్గర కొత్తేం కాదు. ఎయిర్ ఇండియాలో ఒకప్పుడు ఎయిర్‌హోస్టెస్‌కు 35 ఏళ్ళు నిండినా, చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళి చేసుకున్నా, మొదటి గర్భం వచ్చినా ఉద్యోగం పోయేది. అదే విమానంలో పనిచేసే మగ పర్సర్లు 58 దాకా ఉండేవాళ్ళు. 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టేసింది. పెళ్ళి నిబంధనను మాత్రం నిలబెట్టింది. 2022లో అదే సంస్థ టాటాల చేతికి వచ్చాక ఇచ్చిన గ్రూమింగ్ నియమాల్లో బొట్టు అర సెంటీమీటరు దాటొద్దని, బట్టతల వస్తున్న మగవాళ్ళు పూర్తిగా గుండు చేయించుకోవాలని ఉంది. కొలిచే టేపు మాత్రం మారలేదన్నమాట.

నవ్వు సంగతి. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ డెల్టా ఎయిర్‌లైన్స్ సిబ్బందిని దగ్గర నుంచి చూసి 1983లో ఒక పుస్తకం రాసింది. చేతులతో చేసే శ్రమలాగే లోపలి భావాలను అదిమిపెట్టి ముఖం మీద ఇంకో భావం చూపించడం కూడా శ్రమేనని, కంపెనీ దాన్ని కొనుక్కుంటోందని చెప్పింది. మంచి పుస్తకం, చదవండి. కానీ దొర ఎదురుపడితే ముఖం ఎట్లా పెట్టాలో, నవ్వు ఎక్కడ ఆపాలో మన అమ్మమ్మలకు ఏ యూనివర్సిటీ చెప్పింది? దీన్ని నేను వెట్టి అనను. జీతం వస్తుంది, పీఎఫ్ కడతారు, సంతకం పెట్టి చేరిన ఉద్యోగం. వెట్టి అన్న మాటను అన్నిటికీ వాడితే వెట్టి చేసిన మనిషికి అన్యాయం చేసినట్టే. అయినా ముఖం మీద హక్కు ఇంకొకరిదైతే ఎట్లా ఉంటుందో మన ఇళ్ళల్లో ముందే తెలుసు. ఆమె తొందరగా అలసిపోవడానికి అది కూడా కారణమని నాకనిపిస్తుంది.

2022 డిసెంబరులో ఇస్తాంబుల్ నుంచి ఢిల్లీ వస్తున్న ఇండిగో విమానంలో భోజనం దగ్గర గొడవైంది. తాను కంపెనీ ఉద్యోగినని, ప్రయాణికుడి సర్వెంట్‌ను కాదని ఒక ఎయిర్‌హోస్టెస్ గట్టిగా అనేసింది. వీడియో దేశమంతా తిరిగింది. ఎంతోమంది ఆమె పక్షాన మాట్లాడారు, మంచిదే. అయితే ఆ చప్పట్లు కొట్టినవాళ్ళ ఇళ్ళల్లో సర్వెంట్‌కు వేరే గ్లాసు ఉండొచ్చన్న ఆలోచన నాకు అప్పుడే వచ్చింది. "నేను సర్వెంట్‌ను కాదు" అన్న మాటకు అంత బలం ఉందంటే, సర్వెంట్ అయితే అరవొచ్చని అందరం ఒప్పుకున్నట్టే కదా! మా అమ్మాయి ఆ వీడియోను రూములో అందరితో కలిసి చూసిందట. అందరూ కేకలు వేశారట, తను నోరు మెదపలేదట. వాళ్ళమ్మ అప్పుడు డ్యూటీలో ఉంది.

జీతం లెక్క చూద్దాం. ఆమె పే స్లిప్పులో స్థిరమైన జీతం తక్కువ, ఎగిరిన గంటలకు వచ్చే అలవెన్సు ఎక్కువ. గంటలు లెక్కలోకి వచ్చేది విమానం కదిలినప్పటి నుంచి ఆగేదాకే. ప్రయాణికుల్ని ఎక్కించే సమయం, ఢిల్లీ పొగమంచులో గేటు దగ్గరే నాలుగు గంటలు తిట్లు తినే సమయం అందులోకి రావు. జ్వరమొస్తే అలవెన్సు పోయినట్టే. ఇది మన దేశం రోగమే కాదు. ఎయిర్ కెనడాలో పదివేల మంది క్యాబిన్ సిబ్బంది 2025 ఆగస్టు 16న సమ్మెకు దిగింది ప్రధానంగా ఈ నేలమీది గంటల కూలి కోసమే. ప్రభుత్వం గంటల వ్యవధిలోనే పనికి పొమ్మంది. యూనియన్ పోమంది. రెండు మూడు రోజుల్లో ఒప్పందానికి వచ్చారు.

మన దగ్గర సమ్మె అనరు, జ్వరం అంటారు. 2022 జులై 2న ఇండిగో దేశీయ విమానాల్లో సగానికి పైగా ఆలస్యమయ్యాయి. సిబ్బంది సిక్ లీవు పెట్టి ఎయిర్ ఇండియా ఇంటర్వ్యూలకు వెళ్ళారని అప్పట్లో వార్తలు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ సిబ్బంది ఒకేసారి సిక్ అన్నారు. పదుల కొద్దీ విమానాలు రద్దయ్యాయి, పాతిక మందిని తీసేశారు, కేంద్ర లేబర్ కమిషనర్ ముందు కూర్చున్నాక తిరిగి తీసుకున్నారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టం విమాన రవాణాను ప్రజోపయోగ సేవల్లో పెట్టింది. ముందస్తు నోటీసు లేని సమ్మె నేరం. సమ్మెను నేరం చేసే బిల్లుకు వ్యతిరేకంగా బాబాసాహెబ్ 1938లో బొంబాయి శాసనసభలో నిలబడి, ఆ నవంబరు 7న కార్మికులతో కలిసి ఒకరోజు సమ్మె నడిపించిన సంగతి మన జయంతి సభల్లో ఎంతమంది చెబుతారు? నీలి జెండా పక్కన కార్మికుడి అంబేద్కర్‌ను నిలబెట్టడం మనం మర్చిపోయాం.

కులం అడిగారా అని నేను అడిగాను. "అక్కడ కులమడగరు సార్, సర్ నేమ్ అడుగుతరు" అంది. తర్వాత అమ్మానాన్నలు ఏం చేస్తారని. ఆమె మొదట 'గవర్నమెంట్ జాబ్' అని చెప్పింది. ఒకరోజు అబద్ధం ఆడలేక మున్సిపాలిటీ అని చెప్పింది. గొడవేం జరగలేదు. టాయిలెట్ చూసుకునే వంతు తనకు ఎక్కువ రావడం మొదలైంది, అంతే. జూనియర్ కాబట్టి అనుకుంది. తన తర్వాత చేరినవాళ్ళకు రాకపోవడం చూశాక అట్లా అనుకోలేకపోయింది. కంప్లయింటులో ఏమని రాయాలి? 2025 జూన్‌లో ఒక దళిత ట్రైనీ పైలట్, విమానం నడపడానికి పనికిరావు, పోయి చెప్పులు కుట్టుకో అని పై అధికారులు అన్నారని పోలీసులకు ఫిర్యాదు చేశాడు. అట్రాసిటీ కేసు నమోదైంది, కంపెనీ ఆరోపణలను ఖండించింది. అతనికి కనీసం చెప్పడానికి ఒక మాట ఉంది. ఈమె దగ్గర ఉన్నది డ్యూటీల లెక్క ఒక్కటే.

గల్ఫ్ ఫ్లైట్ల గురించి మాత్రం ఆమె నవ్వుతూ చెప్పింది. శంషాబాద్‌లో ఎక్కే జగిత్యాల, సిరిసిల్ల మనుషులు బెల్టు పెట్టుకోవడం రాక చూస్తుంటే తోటి సిబ్బంది కళ్ళతోనే ఎక్కిరించుకునేవాళ్ళట. ఈమె వంగి పెట్టేది. "బిడ్డా, ఏ ఊరు మీది? జర నీళ్ళియ్యి" అని అడిగేవాళ్ళట. రెండేళ్ళలో తనను ఊరు అడిగినవాళ్ళు వాళ్ళేనంది. నీళ్ళిచ్చిన చెయ్యిని చూసినవాళ్ళూ వాళ్ళే.

రోస్టర్, నిద్ర లేకపోవడం, చిరాకు ప్రయాణికులు, ఇవన్నీ చూసి విరక్తి పుట్టి మానేసేవాళ్ళు అన్ని కులాల్లోనూ ఉన్నారు. ఆమె రూమ్మేటు కూడా మానేసింది. తండ్రి బెంగళూరులో ఇల్లు కొనిచ్చాడు, ఎంబీఏలో చేరింది, "నేనెందుకు మానేశాను" అని వీడియో కూడా పెట్టింది. ఈమె మానేయాలని అనుకున్న నెల నుంచి మానేసిన నెల దాకా పదకొండు నెలలు పట్టింది. బాండు గడువు, సంఘం కిస్తీలు. విరక్తికి కూడా వెనక ఆస్తి కావాలి. మనవాళ్ళ విరక్తి కిస్తీ తీరాకే బయటికి వస్తుంది.

ఇప్పుడు మనల్ని మనం అడుగుదాం. ఎయిర్ ఇండియా ప్రభుత్వ సంస్థగా ఉన్నంతకాలం అక్కడ మనకు రాజ్యాంగం ఇచ్చిన వాటా ఉంది, ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 7.5 శాతం. ఆ రోస్టర్ సక్రమంగా నింపారా అన్నది వేరే గొడవ, కానీ అడిగే హక్కుండేది. 2022 జనవరి 27న సంస్థ చేతులు మారింది. ఆ హక్కు అదే రోజు పోయింది. ఆ రోజు మన సంఘాలు ఎన్ని ధర్నాలు చేశాయో గుర్తు తెచ్చుకోండి. నేను చేయలేదు. పీహెచ్‌డీ సమర్పించే హడావుడిలో ఉన్నాను. ఆ తర్వాత ఒక్క అమ్మాయికి ప్రైవేటు విమానంలో ఉద్యోగం వస్తే మాత్రం ఫ్లెక్సీకి మాట రాసిచ్చాను. పోయిన వందల సీట్లకు మాట్లాడనివాణ్ని, వచ్చిన ఒక్క సీటుకు కవినయ్యాను.

జాషువా 'గబ్బిలం' క్లాసులో చెప్పేటప్పుడు పిల్లలు ఎప్పుడూ అడుగుతారు, వేరే పక్షే దొరకలేదా సార్ అని. గుడి తలుపు మూసి ఉన్నవాడికి లోపలికి వెళ్ళగలిగే రెక్కలది అదొక్కటే దొరికింది, అందుకే దాని చేత కబురు పంపించాడు. మా అమ్మాయిని కూడా మేమందరం కబురుగానే పంపాం. తిరిగి వచ్చి ఏం చెప్తుందో వినడానికి మాత్రం సిద్ధంగా లేము. వాడలో ఇప్పుడు ఆమెను "ఎందుకు దిగొచ్చినవ్?" అని అడుగుతున్నారు. వాళ్ళమ్మ అడగలేదు. అప్పు ఇంకా ఎంతుందని మాత్రమే అడిగిందట.

ప్రిన్సిపాల్‌గారికి ఫ్లెక్సీ సంగతి చెప్పాను. అడ్మిషన్లు అయ్యేదాకా ఉండనివ్వమన్నారు. ఈలోగా సెకండియర్ అమ్మాయిలిద్దరు అదే అకాడమీ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు, ఒకామె ఇప్పటికే ఐదు వేలు అడ్వాన్సు కట్టింది. పోవద్దని నేను చెప్పలేదు, ఎవరి రెక్కలు వాళ్ళవి. మానేసి వచ్చిన అమ్మాయికి ఫోన్ చేసి ఒక గంట వీళ్ళతో మాట్లాడతావా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, వస్తానంది. తన పాత పే స్లిప్పులు తెస్తుందట. అడ్వాన్సు కట్టిన అమ్మాయి వాళ్ళ అమ్మను కూడా పిలవమంది. సోమవారం మధ్యాహ్నం, మా డిపార్ట్‌మెంటు గదిలో.