రెండవ గోలుకీపరు

మన నాందేడు పట్టణమున రెండు సందడులు. ఒకటి గురుద్వారాలో, రెండవది హాకీ మైదానమున. శ్రీ గురు గోవింద సింగుజీ పేర జరుగు అఖిల భారత హాకీ పోటీలకు దూర ప్రాంతముల నుండి జట్లు వచ్చును. మన తెలుగు కుటుంబములవారును పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచి వచ్చుచున్నారు. చూచి వచ్చుటయే గాని, కర్ర పట్టి మైదానమున నిలిచిన మన బిడ్డలెందరు? అందును ఆడుబిడ్డలెందరు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకొనవలసినవారము మనమే.

ఈ సందర్భమున ఒక తెలుగు వనిత ఆటచరిత్రను పాఠకులకు జ్ఞాపకము చేయదలచితిని. ఆమె పేరు ఎటిమర్పు రజని. 1990లో నాటి చిత్తూరు జిల్లాలో, నేడు తిరుపతి జిల్లాలో చేరిన యెర్రావారిపాలెము మండలపు పల్లెటూర పుట్టినది. ఆమె భారత మహిళా హాకీ జట్టున గోలుకీపరుగ నిలిచినది. 2017లో జపానున ఆసియా కప్పు గెలిచిన జట్టులో, 2018లో లండను ప్రపంచకప్పు జట్టులో, ఆ యేడే జకార్తా ఆసియా క్రీడలలో రజత పతకము నందిన జట్టులో ఆమె కలదు. ఇన్ని దేశములు తిరిగినను ఆమె స్థానము చాలకాలము రెండవదే. మొదటి గోలుకీపరు హర్యానాకు చెందిన సవితా పునియా.

హాకీలో తక్కినవారికి వంతులు కలవు. కొన్ని నిమిషములకొకరు లోపలికి పోవుదురు, ఒకరు వెలుపలికి వత్తురు. గోలుకీపరుకు సాధారణముగ ఆ వంతు లేదు. మొదటివారికి దెబ్బ తగిలిననో, ఆట చెడిననో తప్ప రెండవవారికి పిలుపు రాదు. దెబ్బ తగులవలెనని తోటి ఆటకత్తె విషయమున కోరుకొనరాదు గదా! కావున తాను దినదినము సిద్ధపడుచు, ఎదుటివారి క్షేమమునే కోరుచు గడుపవలసిన స్థానమది. 36 యేండ్ల తరువాత మన మహిళలు మరల ఒలింపిక్సునకు పోయిన 2016 రియోలోను, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులోను రజని రిజర్వు గోలుకీపరే. టోక్యోలో మనవారు ఆస్ట్రేలియాను ఓడించి సెమీఫైనలు చేరి, చివరకు నాలుగవ స్థానమున నిలిచినప్పుడు దేశమంతయు సవితను పొగడినది. ఆ పొగడ్త న్యాయమైనదే. రెండవ పేరు ఎందరికి తెలిసినది?

‘ఆడకుండ కూర్చున్నవారిని గూర్చి వ్రాయనేల?’ అని కొందరనవచ్చును. 2024 జనవరిలో మస్కటు నగరమున జరిగినదానిని వారు చిత్తగింపవలెను. జట్టుకు ఐదుగురే ఆడు కొత్తరకపు హాకీకి, మహిళల మొదటి ప్రపంచకప్పు అది. భారత జట్టుకు నాయకురాలు ఎటిమర్పు రజని. మనవారు న్యూజిలాండును, దక్షిణాఫ్రికాను ఓడించి ఫైనలు చేరిరి. అందు నెదర్లాండ్సు చేతిలో 7–2తో ఓడిరి. ఏడు గోలులు పడిన మాట దాచనక్కరలేదు. అయినను ప్రపంచమున రెండవ స్థానము స్వల్పమైనదా? ఇన్నేండ్లు కాచుకొనినందున ఆమె ఆట తుప్పు పట్టలేదు. నాయకత్వము వహించు నిబ్బరముగ మారినది. పని రానినాడు పనిముట్టును పదును పెట్టుకొనుట మగ్గము పట్టిన మన పెద్దలకు తెలియనిది కాదు.

ఇక మన మాట. నిజాము రాజ్యకాలము నుండి ఈ గోదావరి యొడ్డున స్థిరపడిన వారము. మన బాలికలు చదువున ముందంజ వేయుచున్నారు, సంతోషమే. కాని పదమూడు, పదునాలుగు యేండ్లు వచ్చుటతోనే వారిని మైదానము నుండి ఇంటికి పిలిచివేయుచున్నాము. ‘ఎండకు నల్లబడును, దెబ్బలు తగులును, నలుగురేమనుకొందురు’ అందుము. రైల్వేలలో క్రీడాకారులకు ప్రత్యేకముగ కొలువులు కలవు. దక్షిణ మధ్య రైల్వే డివిజను కార్యాలయము మన యూరనే యున్నది. కొలువు కొరకే ఆడవలెనని నా యభిప్రాయము కాదు. భయపడు తలిదండ్రులకు అదియు ఒక ధైర్యమగునని చెప్పుచున్నాను.

ఖర్చు మాటయు నిజమే. గోలుకీపరుకు శిరస్త్రాణము, ఎదకవచము, కాళ్ళకు ప్యాడ్లు, చేతులకు తొడుగులు కావలెను. సామాన్య కుటుంబమునకది భారము. పదిమంది చేయి కలిపిన భారము కాదు. ఉగాది ఉత్సవమునకు మనము ప్రోగుచేయు చందాలలో కొంత తీసి, సంఘము పక్షమున ఒక పూర్తి సరంజామా కొని, ఆడదలచిన బాలికలకు వంతులవారీగ ఇచ్చునట్లు ఏర్పాటు చేయవలెనని నా మనవి. ఒక సంవత్సరము పందిరికి దీపములు కొన్ని తగ్గినను పండుగకు లోటు రాదు.

ఆ సరంజామా తొడిగిన బాలికలందరు రజనులు కాకపోవచ్చును. కొందరు పాఠశాల జట్టులోనైనను రెండవవారుగనే మిగులవచ్చును. అప్పుడు ఇంటివారు ‘నిన్ను ఆడనిచ్చిరా?’ అని గాక, ‘నేడు ఎంతసేపు సాధన చేసితివి?’ అని అడుగవలెను.