చప్పుడు ఒకచోట, మరమ్మతు మరోచోట
గతుకుల్లో కారు కింద టకటక చప్పుడు వినిపించగానే షాక్ అబ్జార్బర్లు మార్చేయడం షెడ్లలో స్థిరపడిన అలవాటే గాని, అది రోగ నిర్ధారణ లేని వైద్యం. మలుపుల్లో కారు ఒరిగిపోకుండా ఇరువైపుల చక్రాలను కలిపే ఉక్కు కడ్డీని స్టెబిలైజర్ బార్ అంటారు; దాని కొనను, స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్ట్రట్‌కు తగిలించే లింక్ రాడ్‌లోని బాల్ జాయింట్ అరిగిపోతే, రెండు చక్రాలూ ఒకేసారి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు పెద్దగా వినిపించని చప్పుడు, ఒక్క చక్రమే గుంటలో పడినప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. ఇంజిన్ ఆపి, చక్రాలు నేలమీదే ఉండగా ఒకరు కారును పక్కలకు ఊపుతుంటే, ఆ జాయింట్‌పై ఆనించిన రెండోవారి వేలికి లోపలి వదులు చిన్న దెబ్బలా తగులుతుంది. షాక్ అబ్జార్బర్‌ను ముఖ్యంగా అనుమానించాల్సింది దానిపై నూనె కారిన జాడ గాని, కారును నొక్కి వదిలాక ఆగని ఊగిసలాట గాని కనిపించినప్పుడు. విడిభాగానికి డబ్బు చెల్లించేముందు, వదులు ఎక్కడుందో చూపించమని యజమాని తప్పక అడగాలి.