మెకానికల్ చదివి... బ్లూకార్డు అడిగితే!

అబ్బాయి చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. చేస్తున్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. హైదరాబాద్‌లో ఇలాంటివాళ్లు వీధికి పదిమంది కనిపిస్తారు. సివిల్ చదివి టెస్టింగ్‌లో, ట్రిపుల్ ఈ చదివి జావాలో స్థిరపడ్డవాళ్లకీ కొదవలేదు. ‘నీ డిగ్రీకీ ఈ పనికీ సంబంధం ఏమిటి?’ అని ఇక్కడ ఎవరూ పెద్దగా అడగరు. జర్మనీ బ్లూకార్డుకు దరఖాస్తు చేసిన రోజున మాత్రం ఆ ప్రశ్న ఎదురవుతుంది.

2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, చాలా కుటుంబాలు జర్మనీ వైపు చూడటంలో వింతేమీ లేదు. నిజానికి ఈ దారి మనవాళ్లకు కొత్త కాదు. 2023లో యూరోపియన్ యూనియన్ దేశాలన్నీ కలిపి సుమారు 89 వేల బ్లూకార్డులు ఇస్తే, అందులో దాదాపు 69 వేలు ఒక్క జర్మనీ ఇచ్చినవే. అందుకున్నవారిలో భారతీయులే మొదటి స్థానం... సుమారు 21 వేల మంది!

బాగా చదువుకున్న విదేశీ నిపుణులకు ఉద్యోగంతోపాటు నివాస అనుమతి ఇచ్చే కార్డు ఇది. డెన్మార్క్, ఐర్లాండ్ తప్ప మిగతా ఈయూ దేశాల్లో ఉంది. జర్మనీలో 2012 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చింది. 2023 నవంబరులో నిబంధనలు బాగా సడలించారు.

‘అబ్బాయికి తెలివితేటలున్నాయి, పదేళ్ల అనుభవం ఉంది, ఇంకేం కావాలి?’ అనుకుంటారు పెద్దలు. అక్కడి అధికారులు చూసేది తెలివితేటల్ని కాదు, మూడు విషయాల్ని. గుర్తింపు పొందిన డిగ్రీ, కనీసం ఆరు నెలలకు తగ్గని ఉద్యోగ ఒప్పందం, అందులో రాసిన జీతం. ఈ మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. చేయబోయే ఉద్యోగం చదివిన చదువుకు తగినదై ఉండాలి. మన మెకానికల్ అబ్బాయికి చిక్కొచ్చేది ఇక్కడే.

అలాగని అతనికి తలుపులు మూసేశారని కాదు. ఐటీ నిపుణులకు 2023 సవరణ ఒక వెసులుబాటు ఇచ్చింది. గత ఏడేళ్లలో కనీసం మూడేళ్లు డిగ్రీ స్థాయి ఐటీ పని చేసి ఉంటే, అసలు డిగ్రీయే లేకపోయినా బ్లూకార్డుకు అర్హులే. కాకపోతే ఆ అనుభవాన్ని కాగితం మీద చూపించాలి. పాత కంపెనీ ఇచ్చిన లెటర్‌లో ‘ఇన్నేళ్లు పనిచేశాడు, నడవడిక మంచిది’ అని రెండు ముక్కలుంటే చాలదు. ఏ పని చేశాడో, ఏ బాధ్యతలు చూశాడో వివరంగా ఉండాలి. ఉద్యోగం మానేసేటప్పుడు హెచ్ఆర్ వాళ్లను అడిగి రాయించుకోవాల్సిన మాట ఇది. మూడేళ్ల తర్వాత ఫోన్ చేస్తే అక్కడ ఎవరుంటారో ఏమో!

ఇంకోటి... డిగ్రీకి ఇక్కడ గుర్తింపు ఉంటే సరిపోదు, జర్మనీ లెక్కలోనూ ఉండాలి. ‘అనాబిన్’ అనే డేటాబేస్‌లో ఈ వివరాలు ఉచితంగానే చూసుకోవచ్చు. యూనివర్సిటీ పేరు పక్కన ‘హెచ్ ప్లస్’ ఉందా, చదివిన డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని ఉందా చూడాలి. ఇంట్లో కూర్చుని చేసుకోగల పని. డాక్టర్లకైతే ఇది ఒక్కటే కాదు, అక్కడ వైద్యం చేసే అనుమతి కూడా కావాలి.

ఇక జీతం. 2025లో కనీస పరిమితి ఏడాదికి 48,300 యూరోలు. ఐటీ, ఇంజినీరింగ్, వైద్యం వంటి నిపుణుల కొరత ఉన్న రంగాలకూ, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివారికీ 43,759.80 యూరోలు. ఏటా జనవరిలో ఈ అంకె మారుతుంది. కాబట్టి దరఖాస్తు పెట్టే ఏడాది పరిమితినే చూసుకోవాలి. యూరోకు వంద రూపాయల లెక్కన 48 లక్షల ప్యాకేజీ అని చుట్టాలకు చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. ఒంటరి ఉద్యోగికి అందులో మూడో వంతు దాకా పన్నులకూ, ఆరోగ్య బీమాకూ, పింఛను చందాకూ పోతుంది. ఇంటి అద్దె మిగిలినదాంట్లోంచే కట్టాలి.

పాతికేళ్ల కిందట పరిస్థితి వేరు. 2000లో నాటి ఛాన్స్‌లర్ గెర్హార్డ్ ష్రోడర్ ఐటీ నిపుణుల కోసం ‘గ్రీన్‌కార్డు’ తెచ్చారు. పేరుకే గ్రీన్‌కార్డు, గడువు ఐదేళ్లే! ఆ ఏడాదే ఓ ప్రతిపక్ష నాయకుడి ఎన్నికల ప్రచారం ‘భారతీయుల బదులు మన పిల్లలు’ అన్న నినాదంగా దేశమంతా మారుమోగింది. ఇప్పుడు అదే దేశం బ్లూకార్డు ఉన్నవారికి 27 నెలల్లో శాశ్వత నివాసం ఇస్తోంది. జర్మన్ భాష బీ1 స్థాయి వస్తే 21 నెలలే చాలు. భార్య లేదా భర్త వెంట వెళ్లడానికి ముందుగా జర్మన్ పరీక్ష అక్కర్లేదు, వెళ్లాక ఉద్యోగం చేసుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద అమెరికా వెళ్లి ఏళ్లతరబడి ఇంట్లో కూర్చున్న ఆడపడుచులున్న ఇళ్లకు ఈ మాట విలువ తెలుస్తుంది.

‘బ్లూకార్డు ఇప్పిస్తాం’ అని ఏ కన్సల్టెన్సీ అయినా అంటే, ‘ఆఫర్ లెటర్ ఏది?’ అని అడగాలి. ఉద్యోగం లేకుండా బ్లూకార్డు లేదు. 2024 జూన్‌లో మొదలైన ‘ఆపర్చునిటీ కార్డు’ వేరు. అది ఏడాదిపాటు అక్కడ ఉండి ఉద్యోగం వెతుక్కోవడానికి, అదీ ఖర్చులకు సరిపడా డబ్బు ముందే చూపిస్తే. రెండింటినీ కలిపి చెప్పి లక్షలు అడిగేవాళ్లున్నారు, జాగ్రత్త!

కార్డు చేతికొచ్చాక మొదటి ఏడాది కంపెనీ మారాలంటే అక్కడి విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. ఉద్యోగం పోయినా చెప్పాల్సిందే. ఈయూ నిబంధనల ప్రకారం, కార్డు వచ్చి రెండేళ్లు కాకపోతే కొత్త కొలువు వెతుక్కోవడానికి మూడు నెలల వ్యవధి, రెండేళ్లు దాటితే ఆరు నెలలు ఉంటుంది.