శిష్యుని చేతిలో ఓటమి

ఆదివారం ఆబిడ్సు కాలిబాటల మీద పాతపుస్తకాలు వెదికేవారు గమనించే ఉంటారు. అక్కడ పాత వ్యాకరణానికి ఇంకా వెల ఉంది. పాత వైద్యగ్రంథం ఎంత లావుదైనా తూకానికి పోవలసిందే. అంటువ్యాధుల శాస్త్రం బోధించే వైద్యుని కష్టం ఇదే. చెప్పిన పాఠం తన కళ్ళముందే చెల్లిపోతుంది. అప్పుడాయన ఏమి చేస్తాడన్నదే ఆయన వృత్తికి గీటురాయి అని నా అభిప్రాయం.

నిదర్శనం మన జంటనగరాల్లోనే ఉంది. నేటి ఉస్మానియా వైద్యకళాశాలకు మూలమైన హైదరాబాదు వైద్యపాఠశాలకు ఆనాడు ఎడ్వర్డ్ లారీ అధిపతి. 1888, 1889లలో జరిగిన క్లోరోఫాం పరిశోధనలతో పేరుగన్నవాడు. అంతటివాడూ, 1880లో లావెరాన్ మలేరియా రోగి రక్తంలో కనుగొన్న పరాన్నజీవి ఉన్నదంటే నమ్మలేదు. అక్కడికి కొద్ది మైళ్ళలోనే, బేగంపేటలో, రోనాల్డ్ రాస్ హుసేన్ ఖాన్ అనే రోగికి దోమకు అణా చొప్పున ఇచ్చి కుట్టించి, ఆ దోమలను కోసి, 1897 ఆగస్టు 20న ఒకదాని పొట్టలో ఆ జీవిని చూశాడు.

రాస్‌కు గురువు లండనులోని పాట్రిక్ మాన్సన్, ఉత్తరాలే పాఠాలు. దోమలు చచ్చిన నీరు త్రాగితే మలేరియా వస్తుందని మాన్సన్ ఊహ. రాస్ పరీక్షించాడు, నిలవలేదు. 1898లో కలకత్తాలో పక్షుల మలేరియా దోమకాటు వల్లనే సోకుతుందని నిరూపించాడు. తన ఊహను పడగొట్టిన ఆ వార్తను ఆ ఏడే ఎడింబరో వైద్యసభలో ప్రకటించినవాడు మాన్సనే! తరువాత ఇద్దరికీ చెడింది, అది వేరే కథ.

శిష్యుని చేతిలో ఓటమిని గురువు కోరుకోవాలని పెద్దలన్నారు. ఆ మాట తరగతిలో నేనూ పలుమార్లు చెప్పాను. ఒకనాడు నేను చెప్పిన సంధి తప్పని ఒక పిల్లవాడు లేచి అన్నాడు. గదిమి కూర్చోబెట్టాను. ఇంటికి వచ్చి పుస్తకం చూస్తే వాడిదే ఒప్పు. మర్నాడు ఆ మాట తరగతిలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. నా మొండితనానికి చెడింది ఒక సంధి; వైద్యగురువు మొండితనానికి పోయేవి ప్రాణాలు.

మొన్న వాన వెలిశాక ఆబిడ్సు నుంచి నాంపల్లి స్టేషను దాకా నడిచాను. పారవేసిన కొబ్బరిబోండాలలో తేటనీరు నిలిచి ఉంది. దోమలు మురుగులోనే పెరుగుతాయనీ, రాత్రిళ్ళే కుడతాయనీ ఒకప్పుడు పిల్లలకు చెప్పాను. డెంగీ దోమకు ఆ తేటనీరే చాలు, కుట్టేదీ పగలే. ఆ పాఠమూ దిద్దుకోవలసిందే.

వైద్యకళాశాలల్లో ఆచార్యులను ఎంచేటప్పుడు పట్టాలతోపాటు ఇదీ అడగాలి: మీ తప్పు చూపిన శిష్యుణ్ణి ఏమి చేశారు? నన్నడిగితే నా దగ్గర మంచి జవాబు లేదు.