ఆ యింటి ఆడపడుచులు

విజయనగరంలో పాత ఇల్లు కొనదలచి నా సలహా అడిగేవారికి నేను ముందుగా చెప్పే మాట ఇది: గోడలూ దూలాలూ తరువాత చూడవచ్చు, ఆ యింటి ఆడపడుచులు ఎందరో, ఎక్కడెక్కడ ఉన్నారో కనుక్కోండి. వినగానే కొందరు నవ్వుతారు. మధ్యవర్తులైతే విసుక్కుంటారు.

1713 నాటి కోట, 1879లో కళాశాల స్థాయికి ఎదిగిన మహారాజావారి విద్యాలయం, 1919లో వెలసిన సంగీత కళాశాల – వీటి చుట్టూ పెరిగిన ఊరు ఇది. ఉపాధ్యాయులు, పండితులు, సంస్థానోద్యోగులు కట్టుకున్న ఇళ్ళు పాత వీధుల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. పిల్లలు విశాఖకో, హైదరాబాదుకో, సముద్రాలు దాటో వెళ్ళిపోగా, పెద్దలు గతించిన పిమ్మట అవి అమ్మకానికి వస్తాయి. ఉద్యోగకాలమంతా బదిలీలతో అద్దె ఇళ్ళలో గడిపి, పదవీ విరమణ తరువాత తొలిసారి సొంత గూడు వెతుక్కునే మావంటివారు వాటిని కొంటారు.

దస్తావేజుల భాష నాకు కొరుకుడు పడనిదేమీ కాదు. (గురజాడవారు నడయాడిన ఊళ్ళో సైతం దస్తావేజు గ్రాంథికాన్ని వదలలేదు, "సదరు", "ఇందుమూలముగా" లేనిదే లేఖరిగారి కలం సాగదు!) నాలుగు హద్దుల్లో పేర్కొన్నవారిలో ముగ్గురు స్వర్గస్థులై ఉంటారు. అది సవరించుకోవచ్చు. సవరించుకోలేనిది వేరే ఉంది.

"ఈసీ తీయించాం, ముప్ఫై ఏళ్ళకూ శుభ్రంగా ఉంది" అని ధైర్యం చెబుతారు. అందులో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. యజమాని మరణించినదీ, ఎందరు సంతానాన్ని విడిచి వెళ్ళినదీ అందులో ఉండదు. తండ్రి స్వార్జితమైన ఇల్లయి, ఆయన వీలునామా రాయకుండా గతిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతుళ్ళకు కొడుకులతో సమభాగం. పిత్రార్జితంలోనూ కూతురికి హక్కు కల్పిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. అయితే అప్పటికే పెళ్ళయినవారిని వదిలివేసింది. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదాన్ని తొలగించింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందే సక్రమంగా ముగిసిన పంపకాల మాట వేరు.

"పసుపు కుంకుమల కింద ముట్టవలసింది ఏనాడో ముట్టింది" అంటారు అన్నదమ్ములు. ఆ మాట నిలవదు. "నాకేమీ వద్దన్నయ్యా" అని ఫోనులో అన్న మాటా నిలవదు. విడుదల దస్తావేజు రిజిస్టరు కావాలి, లేదా క్రయపత్రంలో ఆమె కూడా విక్రేతగా సంతకం చేయాలి.

మేము కొన్న ఇంటికి వారసులు అన్నదమ్ములిద్దరు, అక్కచెల్లెళ్ళు ముగ్గురు. ముసాయిదాలో ఇద్దరి పేర్లే ఉన్నాయి. తహశీల్దారు కార్యాలయమిచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తెమ్మని పట్టుబట్టాను. "మాస్టారూ, ఊళ్ళో ఎవరూ అడగనివి మీరు అడుగుతున్నారు" అన్నారు పెద్దాయన. ఇల్లు చేజారుతుందని మా ఆవిడకు బెంగ. నాలుగు నెలలు పట్టింది. చిన్న చెల్లెలుగారిది ఖరగ్‌పూరులో రైల్వే కుటుంబం. ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతే ఆమెకు తెలియదు. రిజిస్ట్రేషను నాడు వచ్చి, దస్తావేజు ఆసాంతం రెండుసార్లు చదువుకొని, తన అయిదో వంతుకు డీడీ చూసుకొని, అప్పుడు సంతకం చేశారు. ఎవరితోనూ ఎక్కువ మాటలాడలేదు.

కేవలం చట్టభయంతో ఇదంతా చెబుతున్నాననుకోవద్దు. వాటా మాట ఆడపిల్ల ఎత్తితే పుట్టింటికి రాకపోకలు తెగిపోతాయి. కొనేవాడు ఎత్తితే బేరం ఆలస్యమవుతుంది, అంతే. అదీ సొమ్ము అతని చేతిలో ఉన్నంతసేపే. బయానా ముట్టాక అతని మాట ఎవరు వింటారు?

బేరం చెడిపోదా అంటే, చెడిపోతుంది. ఇంతకు ముందు మేము చూసిన ఇల్లు ఈ పట్టుదల వల్లనే పోయింది. పెద్ద నూయి, మామిడిచెట్టు ఉన్న ఇల్లు. మరొకరు ఏ ప్రశ్నా అడగకుండా కొన్నారు. ఇప్పుడక్కడ అపార్టుమెంటు లేచింది.